2596 వైను బప్పు: ఒక గ్రహశకలం, దాని పేరు

చార్మినారు నుండి పడమటి దిక్కుగా సాగే వీధికి లాడ్ బజారు అని పేరు. లక్క గాజులకూ, పెండ్లి సామగ్రికీ ఈ బజారు పేరెన్నిక గన్నది. వీధి పొడవు సుమారు ఒక కిలోమీటరు. సౌరకుటుంబాన్ని విద్యార్థులకు బోధించడానికి ఇంతకంటె వీలైన కొలబద్ద మన నగరంలో మరొకటి లేదని నా అభిప్రాయం. ఎట్లాగో చూడండి.

పది లక్షల కిలోమీటర్లను ఒక మీటరుగా తగ్గించి లెక్క వేద్దాము. అనగా వేయి కిలోమీటర్లు ఒక మిల్లీమీటరు అవుతుంది. సూర్యుణ్ణి చార్మినారు కింద ఉంచితే అది దాదాపు 1.4 మీటర్ల అడ్డుకొలత గల గోళం. అక్కడ నుండి లాడ్ బజారులోకి 150 మీటర్లు నడిస్తే భూమి కనబడుతుంది. దాని పరిమాణం 13 మిల్లీమీటర్లు, చిన్న రేగుపండంత. దానికి మూరెడు దూరమైనా లేకుండా, మిరియపు గింజ కంటె చిన్నదిగా చంద్రుడు ఉంటాడు. 228 మీటర్ల వద్ద శనగ గింజంత అంగారకుడు. తర్వాత చాలా దూరం ఏమీ లేదు. వీధి చివరికి రాబోతుండగా, 778 మీటర్ల వద్ద, దబ్బపండంత బృహస్పతి.

"ఏమీ లేదు" అన్నాను గాని అది పూర్తిగా నిజం కాదు. 315 మీటర్ల నుండి 495 మీటర్ల వరకు గల భాగంలో, చార్మినారు చుట్టూ ఒక వలయంగా, లక్షల కొద్దీ రేణువులు తిరుగుతున్నవి. వీనిలో అన్నిటికంటె పెద్దదైన సీరిస్ నిజ పరిమాణం సుమారు 940 కిలోమీటర్లు. మన లెక్కలో అది ఒక గసగస గింజ. పది కిలోమీటర్ల శిల అయితే మిల్లీమీటరులో నూరవ వంతు. గాజులకు రాళ్ళు పొదిగే పనివాని చేతికి అంటుకొన్న ధూళికి అది సాటి రావచ్చు. ఈ రేణువులనే గ్రహశకలాలు అంటాము. అవి తిరిగే వలయం ప్రధాన మేఖల. సినిమాలలో చూపించినట్లు అక్కడ బండలు ఒకదానినొకటి ఢీకొంటూ కిక్కిరిసి ఉండవు. మొత్తం మేఖలలోని ద్రవ్యమంతా కుప్ప పోసినా చంద్రుని ద్రవ్యరాశిలో నూటికి మూడు నాలుగు వంతులకు మించదు. 1972-73లో పయనీర్ 10 నౌక ఈ మేఖల గుండా పోయి చెక్కు చెదరకుండా అవతల తేలినది. ఆ తరువాత వెళ్ళిన నౌకలూ అట్లే దాటినవి.

ఆ వలయంలోని ధూళి కణాలలో ఒకదాని సంఖ్య 2596. దాని పేరు వైను బప్పు. ఈ పేరు గల మనిషి హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివినవారు. ఒక నగరపు విద్యార్థి పేరు అంత చిన్న శిలకు ఎట్లా చేరినది, ఎవరు చేర్చారు, ఆ పేరు వెనుక ఎందరి పని ఉన్నది అనేదే ఈ వ్యాస విషయం.

గ్రహశకలాన్ని చూడడం ఒక ఎత్తు, దానిని పోగొట్టుకొనకుండా ఉండడం మరొక ఎత్తు. 1801 జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపంలోని పలెర్మో వేధశాలలో పియాజీ అనే పండితుడు ఒక నక్షత్ర పట్టికను తయారు చేస్తూ, పట్టికలో లేని ఒక చుక్కను చూశాడు. మరునాడు అది కొంచెం జరిగినది. అదే సీరిస్. కొన్ని వారాలలోనే అది సూర్యుని వెలుగులో పడి కనబడకుండా పోయినది. తిరిగి ఎక్కడ వెతకాలి? అప్పటికి ఇరవై నాలుగేళ్ళ యువకుడైన గౌస్ కొద్దిపాటి కొలతల నుండి కక్ష్యను లెక్క కట్టే పద్ధతిని కనుగొని దారి చూపాడు. ఆ సంవత్సరం చివరి రోజున ఫాన్ జాక్ ఆ దిక్కుగా వెతికి సీరిస్‌ను మరల పట్టుకొన్నాడు. గ్రహశకలాల చరిత్ర నక్షత్ర పట్టికతో మొదలై గణితంతో నిలబడినదని విద్యార్థులు గుర్తించాలి. దూరదర్శిని మధ్యలో వచ్చే పనిముట్టు.

ఉపాధ్యాయులు నల్లబల్లపై వేసి చూపించడానికి ఇక్కడ ఒక చిన్న లెక్క పనికి వస్తుంది. సూర్యుని నుండి భూమికి గల దూరాన్ని ఒకటి అనుకొంటే సీరిస్ సగటు దూరం 2.77. కెప్లరు మూడవ సూత్రం ప్రకారం ఆ సంఖ్య ఘనం 21.25, దాని వర్గమూలం 4.61. కనుక సీరిస్ సూర్యుని చుట్టి రావడానికి 4.6 సంవత్సరాలు పడుతుంది. మేఖల లోపలి అంచు, వెలుపలి అంచుల దూరాలతో కూడా ఇట్లే చేయించి చూడవచ్చు.

మన ప్రాంతానికి ఈ అన్వేషణ త్వరలోనే వచ్చినది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న కాలంలో, 1861లో నార్మన్ పోగ్‌సన్ మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చాడు. వచ్చిన కొద్ది నెలలకే, ఏప్రిల్ 17న, ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండంలో మొదటిసారిగా దొరికినందున దానికి ఆసియా అనే పేరే పెట్టారు. దాని సంఖ్య 67. తరువాత అదే మద్రాసులో 1864లో శాఫో, 1866లో సిల్వియా, 1868లో కమిల్లా, 1885లో వీరా దొరికినవి. వీనిలో సిల్వియా ఈ శతాబ్దంలో మరల ప్రసిద్ధికి వచ్చినది. ఆ శకలం చుట్టూ రెండు చిన్న ఉపగ్రహాలు తిరుగుతున్నట్లు 2005లో ప్రకటించారు. ఒక గ్రహశకలానికి రెండు ఉపగ్రహాలు ఉన్నట్లు తెలియడం అదే మొదలు.

పోగ్‌సన్ వద్ద సహాయకుడుగా పనిచేసిన చింతామణి రఘునాథాచారిని ఇక్కడ తలచుకొనక తప్పదు. 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రపు కాంతి మారుతున్నదని గుర్తించినది ఆయనే. మరుసటి సంవత్సరం ఆగస్టు 18న తెలుగుదేశం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు పోగ్‌సన్ బందరులో ఉన్నాడు. రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలో మరొక బృందాన్ని నడిపించాడు. ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్ గుంటూరులో గుడారం వేశాడు. సూర్యుని వర్ణపటంలో ఒక కొత్త పసుపు రేఖపై ఆ కాలంలో మొదలైన చర్చ చివరకు హీలియం మూలకానికి దారి తీసినది. ఆ కథ వేరే వ్యాసానికి తగినది.

పోగ్‌సన్ వరకు అందరూ కంటితోనే వెతికారు. ఆకాశ పటంలో లేని చుక్క దొరికే వరకు రాత్రి తరువాత రాత్రి పోల్చి చూడడమే పద్ధతి. 1891 డిసెంబరులో జర్మనీకి చెందిన మాక్స్ వుల్ఫ్ మొదటిసారిగా ఛాయాచిత్రం ద్వారా ఒక గ్రహశకలాన్ని పట్టుకొన్నాడు. దూరదర్శినిని నక్షత్రాల గమనానికి సరిగా తిప్పుతూ చాలాసేపు చిత్రం తీస్తే నక్షత్రాలు చుక్కలుగా పడతవి. ఆ సేపటిలో గ్రహశకలం తన కక్ష్యలో కొంత జరుగుతుంది గనుక సన్నని గీతగా పడుతుంది. గీత దొరకగానే పని ముగిసిందనుకోరాదు. ఆ గీత ఆకాశంలో సరిగా ఎక్కడ ఉన్నదో చెప్పాలి. దానికి చుట్టూ ఉన్న నక్షత్రాల స్థానాలు ముందుగా తెలిసి ఉండాలి. తెలియని నక్షత్రాల నడుమ తెలియని గీత వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. ఆ నక్షత్రాల స్థానాలను కొలిచి పెట్టిన వేధశాలలలో మన హైదరాబాదు వేధశాల ఒకటి.

1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే హైదరాబాదు ప్రభువు ఇంగ్లండు నుండి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, పాతబస్తీ వైపున ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల నెలకొల్పాడు. చార్మినారు నుండి చూస్తే అది నగరం దక్షిణపు కొసన ఉండేది. దానికి నిజాం పేరు పెట్టాలనీ, తన తరువాత ప్రభుత్వం స్వీకరించాలనీ ఆయన కోరిక. ఆయన 1907లో మరణించగా 1908లో ప్రభుత్వం దానిని తన చేతికి తీసుకొని నిజామియా వేధశాలగా నడిపించినది. మొదటి అధిపతి ఆర్థర్ చాట్‌వుడ్ కాలంలోనే వేధశాల బేగంపేటకు మారినది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైనది.

ఆ కాలంలో ప్రపంచ వేధశాలలన్నీ కలిసి ఒక మహాకార్యం తలకెత్తుకొన్నవి. 1887లో పారిస్‌లో జరిగిన సభ ఆకాశాన్నంతా ముక్కలుగా పంచి, ఒక్కొక్క వేధశాల ఒక్కొక్క పట్టీని ఛాయాచిత్రాలు తీసి, ప్రతి నక్షత్రపు స్థానాన్నీ కొలిచి ముద్రించాలని నిర్ణయించినది. ఖగోళ విషువద్వృత్తానికి దక్షిణంగా 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు గల పట్టీ దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు సాంతియాగో వేధశాలకు పంచి ఇచ్చారు. సాంతియాగో ఆ పనిని సాగించలేకపోయినది. ఆ పట్టీని హైదరాబాదు స్వీకరించినది. 8 అంగుళాల కుక్ దూరదర్శినితో పలకలు తీస్తూ, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కొక్క చుక్కను కొలుస్తూ, చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్‌ల ఆధ్వర్యంలో దశాబ్దాల పాటు ఈ పని నడిచినది. అది తెమలగానే, జర్మనీలోని పొట్స్‌డామ్ వేధశాల వదిలివేసిన పట్టీలో ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల భాగాన్ని కూడా హైదరాబాదే తీసుకొన్నది. వేరొకరు వదిలిన పనిని పూర్తి చేసిన వేధశాల అని దీనిని చెప్పుకొనవచ్చు. పలకలను కొలిచిన సహాయకుల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ కానరావు. ఏ గ్రహశకలానికీ వారి పేర్లు లేవు. లక్షల నక్షత్రాల స్థానాలు మాత్రం సంపుటాలలో ఉన్నవి.

ఈ వేధశాలలో పనిచేసిన వారిలో ఒకరి కుమారుడే మనాలి కల్లాట్ వైను బప్పు. వారి కుటుంబం కేరళలోని తలశ్శేరికి చెందినది. వైను 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగారు. ఇంటిలో తండ్రి వృత్తి ఆకాశమే గనుక పిల్లవానికి దూరదర్శిని కొత్త కాలేదు. నిజాం కళాశాలలో చదువుతుండగానే, 1946లో, చరకాంతి నక్షత్రాలపై తాను చేసిన పరిశీలనలను రెండు పత్రాలుగా ప్రకటించారు. పట్టభద్రుడు కాకముందే ఇట్టి పని చేయడం ఈనాటి విద్యార్థులకైనా సాధ్యమే. చరకాంతి నక్షత్రాలకు గొప్ప పరికరం అక్కరలేదు, ఓర్పు కావాలి. తరువాత మద్రాసు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర పట్టం పొంది, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయానికి వెళ్ళారు.

హార్వర్డు చేరిన కొద్ది నెలలకే, 1949 జూలై 2న, తాను తీసిన ఛాయాచిత్ర పలకపై ఆయనకు ఒక కొత్త తోకచుక్క కనబడినది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకర్క్ కూడా ఆ ఆవిష్కరణలో భాగస్వాములు. దానికి బప్పు-బాక్-న్యూకర్క్ తోకచుక్క అని పేరు వచ్చినది. పసిఫిక్ ఖగోళ సంఘం ఆయనకు డొనొహో పతకం ఇచ్చినది. ఆ తోకచుక్క అతి దీర్ఘమైన కక్ష్య గలది; పదుల వేల సంవత్సరాలకు గాని మరల సూర్యుని దరికి రాదు.

ఇక్కడ పేర్ల విషయంలో ఒక ముఖ్యమైన భేదాన్ని గమనించాలి. విద్యార్థులు దీనిలో తరచుగా పొరబడుతుంటారు. తోకచుక్కకు దానిని కనుగొన్నవారి పేరు దానంతట అదే వస్తుంది. గ్రహశకలానికి అట్లా కాదు. కనుగొన్నవారు తమ పేరు తామే పెట్టుకొనే ఆచారం లేదు. మరొకరి పేరును సూచించే హక్కు మాత్రమే వారికి ఉన్నది. అందుచేత తోకచుక్కకు మన పేరు ఉన్నదంటే మనం దానిని చూశామని అర్థం. గ్రహశకలానికి మన పేరు ఉన్నదంటే వేరొకరు మనను చూశారని అర్థం. బప్పు గారికి ఈ రెండు విధాలుగానూ ఆకాశంలో పేరు దక్కినది. మొదటిది ఇరవై రెండవ ఏట. రెండవది రావడానికి మూడు దశాబ్దాలు పట్టినది.

ఆ మూడు దశాబ్దాలలో ఆయన చేసిన పనిని పూర్తిగా చెప్పడానికి ఈ పుటలు చాలవు. ఓలిన్ విల్సన్‌తో కలిసి 1957లో ప్రకటించిన ఫలితం ఒక్కటి చెబుతాను. చల్లని నక్షత్రాల వర్ణపటంలో కాల్షియం వల్ల ఏర్పడే కె రేఖ నడుమ ఒక సన్నని వెలుగు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ వెడల్పును కొలిస్తే ఆ నక్షత్రం నిజంగా ఎంత కాంతివంతమైనదో తెలుస్తుంది. నిజ కాంతి తెలిస్తే, మనకు కనబడే కాంతితో పోల్చి దూరం చెప్పవచ్చు. దీనినే విల్సన్-బప్పు ప్రభావం అంటారు. భారతదేశానికి తిరిగి వచ్చాక ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలను నైనితాల్‌లో నిలబెట్టి, 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయ్యారు. తరువాత తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు అనే చోటును ఎంచి అక్కడ కొత్త వేధశాలను ఆరంభించారు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు ఆ గ్రహపు వలయాల జాడను నమోదు చేసిన చోట్లలో కావలూరు ఒకటి.

1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు ఆయన అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. 1919లో పుట్టిన ఆ సంస్థకు భారతీయుడు అధ్యక్షుడు కావడం అదే మొదటిసారి. గ్రహశకలాల పేర్లను ఆమోదించేది కూడా ఈ సమాఖ్య కిందనే.

సరిగా ఆ సంవత్సరమే, 1979 మే 19న, డెన్మార్కుకు చెందిన రిచర్డ్ వెస్ట్ చిలీ దేశంలోని లా సియా కొండ మీది ఐరోపా దక్షిణ వేధశాలలో ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. 1976లో కన్నులపండువుగా కనబడిన వెస్ట్ తోకచుక్క ఈయన పేరిటిదే. కొత్త శకలానికి మొదట ఇచ్చిన గుర్తు 1979 కె ఎన్. ఈ అక్షరాలు ఊరకే పెట్టినవి కావు. సంవత్సరాన్ని నెలకు రెండు చొప్పున 24 పక్షాలుగా విభజించి, ఇంగ్లీషు వర్ణమాలలో ఐ అక్షరాన్ని వదిలి, ఒక్కొక్క పక్షానికి ఒక్కొక్క అక్షరం ఇస్తారు. జనవరి మొదటి సగం ఏ, రెండవ సగం బి, ఇట్లా లెక్కిస్తే మే నెల రెండవ సగానికి కె వస్తుంది. రెండవ అక్షరం ఆ పక్షంలో నమోదైన వరుస సంఖ్య. మరల ఐ వదిలి లెక్కిస్తే ఎన్ పదమూడవది. అనగా 1979 మే రెండవ సగంలో నమోదైన పదమూడవ శకలం. తోకచుక్కలకు కూడా 1995 నుండి ఇదే విధంగా పక్షపు అక్షరం వాడుతున్నారు. ఆ ప్రకారం బప్పు గారి తోకచుక్కకు ఇప్పటి గుర్తు 1949 ఎన్ 1. ఎన్ అంటే జూలై మొదటి సగం, 1 అంటే ఆ పక్షంలో మొదటిది. తరగతిలో పిల్లల చేత వారి పుట్టినరోజుల అక్షరాలు కట్టించి చూడండి; ఈ పద్ధతి వారికి మరపురాదు.

ఈ తాత్కాలిక గుర్తు నుండి శాశ్వత సంఖ్యకు పోవడానికి సాధారణంగా కొన్ని సంవత్సరాలు పడుతుంది. శకలం సూర్యునికి ఎదురు దిక్కున వచ్చినప్పుడెల్లా, పలు సంవత్సరాలలో కొలతలు తీసి, ఇక ఎప్పుడు వెతికినా దొరుకుతుందన్నంత గట్టిగా కక్ష్య తేలిన తరువాతనే సంఖ్య ఇస్తారు. పాత పలకలను తిరగవేసి అదే శకలం ముందెన్నడైనా గుర్తించబడక పడి ఉన్నదేమో కూడా చూస్తారు. సీరిస్ విషయంలో గౌస్ పడిన శ్రమే ఇది, పద్ధతి మాత్రం స్థిరపడినది. మన శకలానికి వచ్చిన సంఖ్య 2596. సంఖ్య వచ్చాక పేరు సూచించడానికి కనుగొన్నవారికి పదేళ్ళ వ్యవధి ఉంటుంది. పేరు పదహారు అక్షరాలకు మించరాదు. పలకడానికి వీలుగా ఉండాలి. రాజకీయాల వల్ల, యుద్ధాల వల్ల ప్రసిద్ధులైన వారి పేర్లు వారు మరణించి నూరు సంవత్సరాలు గడిచిన తరువాతనే పెట్టాలి. పేరుతో పాటు కారణాన్ని కొద్ది మాటలలో రాసి పంపాలి; సమాఖ్యవారి సంఘం పరిశీలించి ప్రకటిస్తుంది. దీనిలో ఎక్కడా డబ్బు ప్రసక్తి లేదు. రుసుము కడితే ఆకాశంలో మీ పేరు పెడతామని అందమైన పత్రాలు అమ్మే వ్యాపారులు ఉన్నారు. ఆ పత్రాలకు ఖగోళ శాస్త్రజ్ఞుల వద్ద ఏ విలువా లేదని ఉపాధ్యాయులు చెప్పడం మంచిది. సంఖ్య పొందిన శకలాలు ఇప్పటికి ఏడు లక్షలు దాటినవి. పేరు పొందినవి వానిలో కొద్ది భాగమే.

వెస్ట్ తన శకలానికి బప్పు పేరు పెట్టడం ఎవరో దూరాన ఉన్న పండితునికి చేసిన మర్యాద కాదు. ఇద్దరూ ఒకే సమాఖ్యలో బాధ్యతలు వహించినవారు. బప్పు 1979 నుండి అధ్యక్షులు; 1982 నుండి 1985 వరకు వెస్ట్ ప్రధాన కార్యదర్శి. సమాఖ్య మహాసభ 1982 ఆగస్టులో గ్రీసు దేశపు పాత్రాస్ నగరంలో జరిగినది. అధ్యక్ష పీఠం మీద ఉండవలసిన బప్పు గుండె శస్త్రచికిత్స కోసం మ్యూనిక్ ఆసుపత్రిలో ఉన్నారు. మహాసభ జరుగుతుండగానే, ఆగస్టు 19న, అక్కడే కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు.

మే 19వ తేదీని గురించి మరొక మాట చెప్పాలి. ఇది నేను లెక్క వేసి చూసుకొన్నది. ఎవరైనా పంచాంగం ముందు పెట్టుకొని సరిచూడవచ్చు. గ్రహశకలాలను వెతికేవారు సాధారణంగా సూర్యునికి సరిగా ఎదురు దిక్కున, క్రాంతివృత్తానికి దగ్గరగా వెతుకుతారు. ఎందుచేతనంటే అక్కడ శకలం మనకు అతి దగ్గరగా, అతి ప్రకాశంగా ఉంటుంది. మే 19 నాటికి సూర్యుడు విషువద్వృత్తానికి ఉత్తరంగా దాదాపు 20 డిగ్రీల మీద ఉంటాడు. ఎదురు దిక్కు గనుక వెతకవలసిన చోటు దక్షిణంగా 20 డిగ్రీల మీద వస్తుంది. హైదరాబాదు పట్టీ ఏది? దక్షిణంగా 17 నుండి 23 డిగ్రీలు. మే మూడవ వారంలో గ్రహశకలాల కోసం చూసేవాని చూపు, అర్ధ శతాబ్దానికి ముందు బేగంపేటలో ఒక్కొక్కటిగా కొలిచిన నక్షత్రాల నడుమనే పడుతుందన్నమాట. ఆ పట్టీని మొదట వదులుకొన్నది చిలీ. 2596ను కనుగొన్నది కూడా చిలీ నేల మీదనే. సాంతియాగోకు ఉత్తరంగా, అటకామా ఎడారి అంచున. ఇది యాదృచ్ఛికమే, దీనిలో వింత అర్థాలు వెతకడం శాస్త్రం కాదు. అయినా ఆ పలకలను కొలిచిన వారి పని ఏ దిక్కున ఉన్నదో చూపడానికి నాకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకలేదు.

నిజామియా వేధశాల బేగంపేటలో ఇప్పుడు పనిచేయడం లేదు. 1960వ దశకం చివర ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శినితో కొత్త వేధశాలను నెలకొల్పినది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ పరిశీలించారు. బేగంపేట ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక విషయాలను పరిశోధించే సంస్థ ఒకటి ఉన్నది. దాని చిరునామాలో మాత్రం నిజామియా అబ్జర్వేటరీ అనే మాట ఇంకా నిలిచి ఉన్నది. హైదరాబాదు విద్యార్థులను ఆ గేటు వరకు తీసుకొనిపోయి, ఇక్కడ ఏమి జరిగినదో చెప్పే ఉపాధ్యాయులు ఎందరున్నారో! గోలకొండకూ, సాలార్‌జంగ్ ప్రదర్శనశాలకూ పోయే విహారయాత్రలో దీనికి ఒక గంట కేటాయించడం పెద్ద కష్టం కాదు.

కావలూరులో బప్పు తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని ఆయన మరణించాక పూర్తయినది. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించి ఆయన పేరు పెట్టారు. వేధశాలకు కూడా అదే పేరు. ఆ ఆవరణలోనే, ష్మిట్ దూరదర్శినితో ఆర్. రాజమోహన్ గ్రహశకలాల కోసం గాలింపు చేపట్టారు. ఆ పథకానికి కల్కి అని పేరు. 1988 ఫిబ్రవరి 17న వారికి ఒక కొత్త శకలం దొరికినది. పోగ్‌సన్ 1885 ఫిబ్రవరిలో మద్రాసులో వీరాను చూసిన తరువాత, భారత గడ్డపై గ్రహశకలాన్ని కనుగొనడం మరల అదే. నడుమ గడిచిన కాలం 103 సంవత్సరాలు. దానికి 4130 అనే సంఖ్య వచ్చినది. కనుగొన్నవారు సూచించిన పేరు రామానుజన్. అదే సంవత్సరం జనవరి 26న అక్కడే తీసిన పలకపై ఉన్న మరొక శకలానికి సంఖ్య రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టినది, అది 8348. కావలూరులో బప్పుతో కలిసి పనిచేసి, ఆయన తరువాత ఆ సంస్థను నడిపిన జె. సి. భట్టాచార్య పేరు దానికి పెట్టారు.